చేతికందే దూరం

పొద్దున ఏడింటికి మిండెలో రేవులో
టికెట్ గది రేకు తలుపును
గాలి ఊరికే కొడుతుంటుంది.
అవతల ఓడ. ఇవతల మేం.
మధ్యలో ఒక కంప్యూటర్,
పేరు కొట్టగానే గొంతు సవరించుకుని
గుర్రుమంటూ లోపలికి వెళ్ళిపోయేది.

"వస్తాడులే" అనేది ఆర్లిండా,
అటక మీదికి సామాను కోసం ఎక్కిన మొగుణ్ణి గురించి చెప్పినట్టు.

నేను ప్రతి గురువారం అవతలి దీవిలో
రెండు బళ్ళకు లెక్కలు చెప్పేవాణ్ణి.
ఊరుకోలేక లెక్కపెట్టాను:
టికెట్టుకు నలభై ఏడు సెకన్లు.
వరసలో ముప్పై మంది,
న్యా బిబియా మేకపాల చీజ్ గంప, రెండు కోళ్ళు.
ఓడ ఎవరి మొహమూ చూడదు.

వాల్దిర్ వచ్చాడు ఒకరోజు
చొక్కా జేబులో చింతగింజంత కార్డుతో.
మేనకోడలి బాప్తిస్మం ఫొటోలు అందులోంచి
ఇంట్లో దింపేసి వచ్చాడట.
"కొత్త మెషీన్ కొనమంటే కంపెనీకి చెవుడు" అన్నాడు.
"బల్ల చిన్నది, కొట్టు దూరం.
పక్కన ఒక స్టూలు వేస్తున్నా, అంతే.
మాటిమాటికీ కావలసినవి
కొట్లోనూ ఉంటాయి, దీనిమీదా ఉంటాయి."

"ఇది పోతే?"
"ఏమీ పోదు."
"ఏమీ?"
"దీనికి సొంతమంటూ ఏముంది, అన్నీ నకళ్ళే.
రాసిన ప్రతిసారీ పిసరంత అరుగుతుంది మాత్రం.
ఎన్నిసార్లకు అయిపోతుందో
దానికే తెలీదు."

మొదటి రోజు నలభై నాలుగు.
మాకు నవ్వొచ్చింది.
మూడో వారానికి పంతొమ్మిది.
పందెపు గుర్రమేం కాలేదు,
కుంటడం మానిందంతే.

ఆ నెలలోనే ఇంకో లెక్క తేలింది నాకు.
నేను కిటికీ ముందుకు రాగానే
తెర ఇంకా తెల్లగా ఉండగానే
"లెక్కల మాస్టారూ, ఒక్కటే, రానూపోనూ,
ఎడమ పక్క, కడుపులో తిప్పుతుంది కదా మీకు"
అనేది ఆర్లిండా.
రెండు సెకన్లు.
నా వెనక న్యా బిబియాతో,
"పిల్లకి నెలలు నిండాయా?"
కంప్యూటర్లో ఆ గడే లేదు.

ఎడారి దుమ్ము సముద్రం దాటొచ్చి
ఎదుటి దీవిని మాయం చేసిన వారం
కార్డు చచ్చిపోయింది.
నిజమే, ఏమీ పోలేదు.
మళ్ళీ గుర్రు, మళ్ళీ అటక,
మళ్ళీ నలభై ఏడు.

నా వంతు వచ్చింది.
ఆర్లిండా తలెత్తి చూసింది.
"మీ పేరు?"

పదకొండేళ్ళు.
నవ్వుతుందేమోనని చూశాను.
నవ్వలేదు.
తెర వైపు తిరిగి, వేళ్ళు మీటల మీద పెట్టుకుని
నేను చెప్పేదాకా ఆగింది.
చెప్పాను.
అక్షరం అక్షరం.
నలభై ఏడు సెకన్లకు అటక దిగి వచ్చింది నా పేరు,
పుట్టినతేదీతో సహా.
కడుపులో తిప్పడం గురించి అందులో లేదు.
కుడి పక్క కూర్చున్నాను ఆ రోజు.

వాల్దిర్ పైవారం ఇంకో కార్డు తెచ్చాడు.
దీన్ని ఎవరి ఫొటోల్లోంచి తెచ్చాడో అడగలేదు.
కిటికీ గట్టు మీద, చీజ్ పొట్టు పక్కన,
పాతది పడి ఉంది,
పనిలేని గోరులా.

ఇప్పుడు కిటికీ దగ్గరికి రాగానే నేనే అంటాను:
"లెక్కల మాస్టార్ని, ఆర్లిండా.
ఒక్కటే. రానూపోనూ. ఎడమ పక్క."
"తెలుసు" అంటుంది,
కొన్నిసార్లు కోపంగా, కొన్నిసార్లు
కొంగున ముడి వేసుకుంటున్నట్టు నెమ్మదిగా.

వెనకనుంచి న్యా బిబియా
గంప ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుని
"మగపిల్లాడే, ఆర్లిండా,
పోయిన నెలే చెప్పాను,
మళ్ళీ చెప్తున్నా, విను" అంటోంది.